శీతకాలమున బడిచదువు: కామసముద్రపు తెలుగు పిల్లలకు తగిన ఋతుపాఠములు

శీతకాలమనగానే పాఠ్యపుస్తకములలో తఱచుగా రెండు చిత్రములు కానవచ్చును. మొదటిది మంచు కప్పిన కొండలును, ఉన్నిదుస్తులు ధరించిన పిల్లలును. రెండవది వరికుప్పలును, క్రొత్తబియ్యపు పొంగలియు గల సంక్రాంతి. రెండును సత్యములే, ఒకటి హిమాలయ ప్రాంతమునకు, మఱియొకటి కృష్ణా గోదావరీ మండలములకు చెల్లును. కాని కోలారు జిల్లా బంగారుపేట తాలూకాలోని కామసముద్రమున, తెలుగు మాటాడు నింట పుట్టిన పిల్లవాడు డిసెంబరు నెలలో వాకిట నిలిచినపుడు కనబడునవి వేఱు. కోసి మోపులు కట్టిన రాగిపంట, సాళ్లలో పూచి కాచిన అనప, తెల్లవాఱుజామున చేలపై పఱచుకొన్న పొగమంచు, ఎండకొఱకు గోడవార చేరిన ముసలివారు: ఇదియే వాని శీతకాలము.

ఈ శీతకాలమును బడిలోనికి తెచ్చుట యెట్లు? తెచ్చినచో చదువు, వ్రాత, లెక్క, ప్రకృతిజ్ఞానము అను నాలుగింటికి నది యెట్లు తోడ్పడును? తెలుగు అల్పసంఖ్యాకుల భాషగా నున్న చోట దీనివలన కలుగు విశేషప్రయోజన మేమి? ఈ ప్రశ్నలే యిచ్చట విచారింపబడుచున్నవి.

ఊరును భాషలును

కామసముద్రము బెంగుళూరు నుండి జోలారుపేటకు పోవు రైలుమార్గమున, బంగారుపేటకును కుప్పమునకును నడుమ నున్నది. తరువాతి స్టేషను బిసానత్తము ఆంధ్రప్రదేశమునకు చేరినది. తమిళనాడు సరిహద్దు కూడ దూరము కాదు. సమీపముననే కోలారు బంగారుగనులు కలవు. మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు దిగిన ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినవి. గనులు నడచిన కాలమున తెలుగు, తమిళము, కన్నడము మాటాడు కుటుంబము లొకేచోట కాపురముండెను. నేడు ఆ ప్రాంతమువా రనేకులు పనికొఱకు తెల్లవాఱకముందే బెంగుళూరు రైలెక్కుచున్నారు.

ఇట్టి చోట పిల్లవానికి ఇంట నొక భాష, వీధిలో నొక భాష, పొరుగింట మఱియొక భాష వినబడుట సహజము. మాతృభాషలో ప్రాథమికవిద్య నొసగు వసతులు కల్పింపవలెనని రాజ్యాంగములోని 350-ఎ అధికరణము రాష్ట్రములకు విధించినది. ఇది 1956లో ఏడవ సవరణచే చేర్చబడినది. 2020 నాటి జాతీయ విద్యావిధానము సైతము, సాధ్యమైనచోట కనీసము అయిదవ తరగతివరకు ఇంటిభాషయే బోధనభాషగా నుండవలెనని చెప్పినది. కాని చట్టము బడిని ఈయగలదు గాని బడిలో మాటాడు మాటలను ఈయజాలదు. పుస్తకము తెలుగులో నున్నను, అందలి తెలుగు పిల్లవాని ఇంటి తెలుగుతో ఎచ్చటను కలియకున్నచో, వానికది యొక పరాయిభాషయే యగును. ఈ కలయికకు శీతకాలము మంచి యదను. దసరా సెలవులు ముగిసి, వానలు వెనుకబడి, బయట కూర్చుండుటకు తగిన ఎండ కాయు నెలలివి.

నీడను కొలుచుట

పాఠశాల ఆవరణమున సమతలమైన చోట ఒక మీటరు పొడవుగల కఱ్ఱను నిలువుగా పాతవలెను. దారమునకు రాయి కట్టి వ్రేలాడదీసి కఱ్ఱ నిట్టనిలువుగా నున్నదో లేదో పిల్లలే చూడవలెను. పగలు పదకొండుముప్పావు మొదలు పండ్రెండుముప్పావు వరకు పదినిమిషముల కొకమాఱు నీడకొనయందు గుర్తు పెట్టవలెను. అన్నింటిలో పొట్టినీడ ఏదో అదియే ఆనాటి మధ్యాహ్నపు నీడ. పిల్లలు చూడవలసినది నీడను మాత్రమే. సూర్యుని వంక చూడరాదని ముందే చెప్పవలెను. ఒకటి రెండు తరగతుల పిల్లలు దారముతో నీడను కొలిచి గోడపై అంటింపవచ్చును. నాలుగు అయిదు తరగతులవారు సెంటీమీటర్లలో వ్రాయవచ్చును.

కామసముద్రము సుమారు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశమున నున్నది. కావున అచ్చట మధ్యాహ్నపు నీడ సెప్టెంబరు 23న సుమారు 23 సెంటీమీటర్లు; డిసెంబరు 22న సుమారు 74; జనవరి 14న సుమారు 68; మార్చి 21న మరల 23. ఏప్రిలు 25 ప్రాంతమున సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును గనుక కఱ్ఱకు నీడయే యుండదు. ఆగస్టు మూడవ వారమునను అట్లే జరుగును. డిసెంబరు 22 శ్రీనివాస రామానుజన్ జన్మదినము. దానిని 2012 నుండి జాతీయ గణితదినముగా జరుపుచున్నారు. సంవత్సరములో దీర్ఘతమమైన మధ్యాహ్నపు నీడను కొలుచుటకు అంతకంటె తగిన దిన మేమున్నది!

ఈ కొలతలు చూచిన పిల్లవా డొక ప్రశ్న యడుగకమానడు. ఉత్తరాయణము సంక్రాంతినాడు ఆరంభమగునని ఇంట చెప్పుదురు గదా. మఱి నీడ డిసెంబరు 22 నుండియే తఱుగుచున్నదేమి? సంక్రాంతి నాటికే ఆఱు సెంటీమీటర్లు తఱిగినదేమి? దీనికి సమాధానము కలదు. సంక్రాంతిని నక్షత్రరాశుల లెక్కచొప్పున నిర్ణయింతురు. భూమి యక్షము తిరుగు బొంగరమువలె మెల్లగా ఒఱగుచు సుమారు 26,000 ఏండ్ల కొకమాఱు చుట్టి వచ్చును. సుమారు 1700 ఏండ్ల క్రిందట రెండు దినములును ఏకమైయుండెను. నాటినుండి నేటికి ఇరువదిమూడు, ఇరువదినాలుగు దినముల యెడము ఏర్పడినది. పండుగ పండుగగానే యుండును. నీడ తన మాట తాను చెప్పును. పెద్దల మాటను త్రోసివేయకయే స్వయముగా పరీక్షించి తెలిసికొనుట పిల్లవానికి ఇచ్చట అలవడును.

మఱియొక ప్రశ్న ఇంటినుండియే వచ్చును. తల్లియో తండ్రియో రైలునకు పోవువేళ ఎంత చీకటిగా నున్నదో పిల్లలు వ్రాసి తెచ్చినచో, సంక్రాంతి దాటిన పిదపను ఉదయపు చీకటి తగ్గలేదని తేలును. పగలు పెరుగుచుండగా తెల్లవాఱుట ఆలస్యమగు టేమి? డిసెంబరు 22న కంటె జనవరి మూడవ వారమున సూర్యోదయము ఎనిమిది తొమ్మిది నిమిషములు ఆలస్యమగును. ఆ రోజులలో సూర్యుని మధ్యాహ్నమే గడియారముపై దినదినము వెనుకకు జరుగుచుండును. పెరిగిన పగలంతయు సాయంకాలమున చేరును. పొట్టినీడ పడిన వేళను గూడ వ్రాసి యుంచిన తరగతికి దీనిని వేఱుగా వివరింప నక్కఱలేదు. వారి పట్టికయే చెప్పును.

నిలువుకఱ్ఱకు మన శాస్త్రములలో శంకువని పేరు. ఇంటికి శంకుస్థాపన చేయుట ఎఱిగిన పిల్లలకు ఆ మాట క్రొత్త కాదు. గ్రీకు పండితుడు ఎరటోస్తనీసు క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దమున నీడల సాయముననే భూమి చుట్టుకొలతను గణించెను. చికాగోలో నున్న తెలుగు పిల్లవాడు అదే డిసెంబరు 22న మీటరు కఱ్ఱను పాతినచో నీడ రెండు మీటర్లకు మించును. ఈ రెండు కొలతలను ప్రక్కప్రక్కన వ్రాసి చూపినచో, అచ్చటి చలి యేల కఠినమో, ఇచ్చటి చలి యేల మృదువో కొంత బోధపడును. బెంగుళూరులో నమోదైన కనిష్ఠోష్ణత 1884 జనవరి 13 నాటి 7.8 డిగ్రీలు. అంతటి చలిలోను నీరు గడ్డకట్టదు.

మంచును పరిశీలించుట

తెలుగున మంచు అను నొక్క మాట గడ్డిపై నీటిబొట్టునకు, పొలముపై తేలు పొగమంచునకు, హిమాలయముపై గడ్డకట్టిన హిమమునకు గూడ చెల్లుచున్నది. కామసముద్రపు పిల్లవాడు పుస్తకములో మంచుకొండయను మాట చదివినపుడు తానెఱిగిన బొట్టునే తలచుకొనును. కన్నడమున గడ్డిపై బొట్టునకు ఇబ్బని యని, పొగమంచునకు మంజు అని వేఱు పేర్లున్నవి. తెలుగు మంచును కన్నడ మంజును ఒకే కుదుటి మాటలు. ఉపాధ్యాయుడు ఈ భేదములను మొదటనే విడదీసినచో తరువాతి పాఠము సుగమమగును.

మంచు కురియుచున్నదని మన మందుము. నిజముగా కురియునా? దీనిని తేల్చుటకు ఒకే తీరు స్టీలు పళ్లెములు రెండు చాలును. గాలిలేని రాత్రి ఒక పళ్లెమును ఆరుబయటను, మఱియొక దానిని వసారా కప్పు క్రిందను ఉంచవలెను. ఉదయమున చూడగా ఆరుబయటి పళ్లెము తడిసియుండును. కప్పుక్రింది పళ్లెము పొడిగా నుండును, లేదా స్వల్పముగా తడిసియుండును. కురియుటవలననే ఇట్లయ్యెనని పిల్లలు మొదట చెప్పుదురు. అపుడు ఆరుబయటి పళ్లెమును బోర్లించి మఱునాడు చూడుమనవలెను. మీద పడునదే యైనచో అంచుల క్రిందను, గడ్డిపోచల అడుగునను తడి యేల? మబ్బుపట్టిన రాత్రి తడి యేల తగ్గును? ఒక నెల దినములు మబ్బు, గాలి, తడి అను మూడు గడులలో అధికము, స్వల్పము, లేదు అని వ్రాసినచో కారణము వారికే స్ఫురించును. నిర్మలమైన రాత్రి ఆకాశము క్రింద నున్న వస్తువులు తమ వేడిని పైకి విడిచి గాలికంటె చల్లబడును. చల్లని వస్తువును తాకిన గాలిలోని ఆవిరి నీరై దానిని అంటుకొనును. కప్పుగాని మబ్బుగాని యున్నచో వేడి పోవుట తగ్గును. 1814లో ఈ విషయమును ప్రకటించిన లండను వైద్యుడు విలియం చార్లెస్ వెల్స్ వాడిన సాధనములు ఉన్నికుచ్చులు, త్రాసు, ఉష్ణమాపకము. బీదబడికి అందని పరికర మొక్కటియు నిందు లేదు.

అనపకాయ చెప్పు భాషాపాఠము

శీతకాలమున ఈ ప్రాంతమంతయు అనపకాయల వాసన. కన్నడమున దీనిని అవరెకాయ యందురు. పాతరకపు అనప పగళ్లు పొట్టివై రాత్రులు పొడవైనపుడే పూచును. జూలైలో రాగితో కలిపి విత్తినను, పూతకు అది కాచుకొనియుండునది పగటి నిడివి తగ్గుటకొఱకే. నీడ కొలిచిన పిల్లలకు ఈ సంగతి సులభముగా పట్టువడును: కఱ్ఱ చెప్పిన మాటనే తీగయు చెప్పుచున్నది. నేడు ఏడాది పొడవున అనపకాయలు దొరకుటకు, పగటి నిడివిని లెక్కచేయని హెబ్బాళ అవరె రకములను బెంగుళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయము రూపొందించుట యొక కారణము. ఇంట పాతవిత్తనము దాచినవారు ఎవరో కనుగొని, రెండు రకములను బడితోటలో ప్రక్కప్రక్కన విత్తి, ఏది యెప్పుడు పూచునో చూచుట అయిదవ తరగతికి తగిన పని.

గింజలను నానబెట్టి వ్రేళ్లతో పితికి తోలు తీయగా వచ్చునది పితికిపప్పు. కన్నడమున అదియే హితికిద బేళె. ఇంట ఈ పనిలో చేయి కలపని పిల్ల లరుదు. ఈ రెండు పేర్లను నల్లబల్లపై వ్రాసి, పకారమున్న చోట హకారము వచ్చిన ఇతర పదములను చెప్పుమన్నచో తరగతి యంతయు మేల్కొనును. పాలు, హాలు, పులి, హులి, పాము, హావు, పువ్వు, హూవు, పొగ, హొగె, పల్లు, హల్లు, పది, హత్తు. ప్రాచీన కన్నడమున గూడ ఈ పదములకు పకారమే యుండెను. సుమారు పదవ శతాబ్దము మొదలు క్రమముగా నది హకారమైనది. తెలుగు పాత పకారమును నిలుపుకొన్నది. ఇట్లే తెలుగు వకారమునకు కన్నడ బకారము: వేప, బేవు, వేరు, బేరు, వెన్న, బెణ్ణె, వెల, బెలె.

నియమమునకు హద్దులు గూడ కలవని చూపవలెను. పుస్తకము, పాఠము మొదలగు సంస్కృతపదములు కన్నడమునను పకారముతోనే యుండును. హని యనగా కన్నడమున బొట్టు. దానికి జోడు తెలుగు పని యని పిల్లవాడు చెప్పినచో అర్థము కుదురదు. తమిళమింటి పిల్ల అచ్చట నున్నచో ఆమె సమాధానము చెప్పగలదు: తమిళమున పని యనగా మంచు. మూడు భాషల పిల్లలు ఒక పాఠములో తలా ఒక మాట అందించుట కిది మంచి యుదాహరణము. ఇట్లు నేర్చిన పిల్లవానికి కన్నడము అడ్డుగోడగా తోచదు. ఇంటి తెలుగు బరువని గాని, సిగ్గుపడవలసినదని గాని తోచదు. ఒకదాని సాయమున మఱియొకటి వచ్చునని వాడే గ్రహించును.

రాగిగింజ, ముగ్గుచుక్క

వేయి యను సంఖ్యను వ్రాయనేర్చిన పిల్లలు పెక్కుమంది వేయి వస్తువులను ఎన్నడును చూచియుండరు. రాగులు ఆ లోటు తీర్చును. పదేసి గింజల కుప్పలు పది చేర్చిన నూరు. నూఱుల కుప్పలు పది చేర్చిన వేయి. వేయి రాగిగింజల బరువు సుమారు మూడు గ్రాములు మాత్రమే. అఱచేతి గుంటలో ఇమిడిపోవును. అట్లయిన ఒక కిలో రాగులలో ఎన్ని గింజలుండును? మూడు లక్షలకు పైగా నుండునని అయిదవ తరగతి పిల్లలు తామే లెక్కగట్టగలరు. స్థానవిలువ, భాగహారము, ఉజ్జాయింపు అను మూడు పాఠములు ఇందు చేరినవి. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియముండుననియు, బియ్యములో దానియందు స్వల్పభాగమే యుండుననియు చెప్పినచో, సంకటి తినువారు వెనుకబడినవారను అపోహయు తొలగును.

ధనుర్మాసపు ముగ్గు లెక్కకును ఆకృతికిని పాఠము. సరిచుక్కలు నడుమ ఏడు పెట్టి, ఇరుప్రక్కల అయిదు, మూడు, ఒకటిగా తగ్గించినచో చుక్కలన్నియు 25. ఒకటి, మూడు, అయిదు, ఏడు కలిపిన 16; అనగా నాలుగు నాలుగుల పదునాఱు. మిగిలిన అయిదు, మూడు, ఒకటి కలిపిన 9. అనగా మూడు మూడుల తొమ్మిది. బేసిసంఖ్యలను ఒకటినుండి వరుసగా కలిపిన వర్గసంఖ్య వచ్చునను నియమము ఏ వాకిటి ముగ్గునందైనను కలదు. ముగ్గు నడుమ అద్దమును నిలిపి చూచినచో సౌష్ఠవము తెలియును. ఈ పనిని బాలికలకు మాత్రమే విడువక బాలురచేతను చేయింపవలెను. పెద్దలలో ముగ్గెఱిగిన అవ్వ నొకరిని బడికి పిలిచినచో, చుక్కల లెక్క నామె ఏ మాటలతో చెప్పునో పిల్లలు వ్రాసికొనవచ్చును.

మూడు గడుల పుస్తకము

పై పనులన్నింటికిని చివర నొక వ్రాతపని యుండవలెను. ప్రతి పిల్లవాడును ఒక పుస్తకమున మూడు గడులు గీసి, మొదటి గడిలో ఇంట వాడు మాటను, రెండవ దానిలో పాఠ్యపుస్తకపు మాటను, మూడవ దానిలో కన్నడపు మాటను వ్రాయవలెను. అనపకాయ యని పిల్లవాడు చెప్పినపుడు చిక్కుడుకాయ యనవలెనని దిద్దుట తగదు. ఆ మాట తప్పు కాదు; పుస్తకము వ్రాసినవారి యూరి మాటకంటె వేఱైనది మాత్రమే. ముందుగా దానిని వ్రాయించి, ప్రక్కన రెండవ మాటను నేర్పిన పిల్లవానికి రెండును దక్కును. దిద్దుటతోనే ఆరంభించినచో మొదటిది నోట అడగిపోవును. రెండవది పరీక్షవరకు మాత్రమే నిలుచును.

గిడుగు రామమూర్తి పంతులు (1863–1940) పర్లాకిమిడి ప్రాంతమున సవరపిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పుటకై ముందుగా ఆ భాషను తాను నేర్చెను. వారి నోటి మాటలను వ్రాతలోనికి తెచ్చి వాచకములు కూర్చెను. మన కాలమున మదనపల్లె సమీపమునగల ఋషివ్యాలీవారు పల్లెబడులలోని తెలుగు పిల్లలకొఱకు చిన్న చిన్న కార్డులపై పాఠములను, ఆటలను క్రమముగా అమర్చిన పద్ధతిని నెలకొల్పిరి. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట ఉపాధ్యాయులు దానిని చూచి కన్నడమున నలి-కలి యను బోధనాపద్ధతిని ఆరంభించిరి. అది పిదప కర్ణాటకమంతటను వ్యాపించినది. తెలుగు పల్లెబడిలో పుట్టినది కన్నడ పిల్లలకు మేలు చేసినపుడు, కన్నడనాటి తెలుగు పిల్లలకొఱకు అదే తీరున శీతకాలపు కార్డులను ఉపాధ్యాయులు చేతితో వ్రాసికొనుట కష్టము కాదు.

పాఠ్యక్రమము ముగియవలసియుండగా ఈ పనులకు కాలమెక్కడిదని కొంద రడుగవచ్చును. నీడ కొలుచుట పొడవుల పాఠమే, రాగిగింజలు స్థానవిలువయే, మంచు ఆవిరి, నీరు అను పాఠమే, పితికిపప్పు భాషాపాఠమే. కాలము పాఠమునుండి తీయబడుటలేదు; పాఠమే వాకిటికి వచ్చుచున్నది. వారమునకు రెండు గంటలు చాలును. పరికరములకు వ్యయము లేదు.

తెలుగుచదువు బిడ్డకు దేనికి పనికివచ్చునని అడుగు తల్లిదండ్రులకు గూడ సమాధానము ఈయవలసియున్నది. వారు ఉద్యోగము నుద్దేశించి అడుగుచున్నారు. ఆ ప్రశ్న న్యాయమైనది. కన్నడమును ఆంగ్లమును బిడ్డకు బాగుగా రావలెను. తానెఱిగిన వస్తువును తానెఱిగిన మాటతో చూచి, కొలిచి, వ్రాసి, కారణమడుగ నేర్చిన బిడ్డ ఆ నేర్పును ఏ భాషలోనికైనను తీసికొనిపోగలడు. ఆ నేర్పు లేనివాడు ఏ భాషలోనైనను వల్లెవేయుటతోనే ఆగిపోవును.

కామసముద్రము వంటి యూళ్లలో తెలుగు నోట నున్నది. అవ్వల మాటలో, సంతలో, కళ్లమున నున్నది. కాని వ్రాతకెక్కని మాట ఒక తరముతో సన్నగిల్లి రెండవ తరముతో మఱపునబడును. ఆ మాటలను నిలుపుటకు సభలును తీర్మానములును అవసరమే. వానితోపాటు ప్రతి డిసెంబరునందు నలుబదిమంది పిల్లలు తమ యింటి మాటలను నలుబది పుస్తకములలో వ్రాసికొనుటయు అవసరము. తెలుగు సంఘములు ప్రతి బడికి ఒక మీటరు కఱ్ఱను, ఒక ఉష్ణమాపకమును, పిల్లవాని కొక గీతల పుస్తకమును సమకూర్చి, సంక్రాంతినాడు ఆ పుస్తకములను ఊరివారి యెదుట చదివించినచో, మాతృభాషాబోధన యను మాటకు ఆ యూర నిజమైన అర్థము కలుగును.